పాత రోల్స్‌రాయిస్ అసలుదేనా? ఛాసిస్ నుంచి కాగితాల దాకా పరిశీలించే పద్ధతి

"మా తాతగారి షెడ్డులో పాత రోల్స్‌రాయిస్ ఉంది, ఏ సంవత్సరానిదో ఎవరికీ తెలియదు." "ఒక పాత కారు అమ్మకానికి వచ్చింది, ఒరిజినలేనా?" ఈ రెండు ప్రశ్నలూ తరచూ వస్తున్నాయి. ఫోన్‌లో నాలుగు ఫొటోలు చూసి చెప్పేసే విషయం కాదిది. అయితే వరుస తప్పకుండా చూసుకుంటూ పోతే, మెకానిక్ కానివాళ్లు కూడా చాలావరకు తేల్చుకోవచ్చు.

ఇక్కడ చెప్పేదంతా రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వచ్చిన రోల్స్‌రాయిస్‌ల గురించి, అంటే సిల్వర్ ఘోస్ట్ మోడల్ నుంచి 1939 వరకు. డైమ్లర్, ప్యాకర్డ్, మినర్వా లాంటి కార్లకూ పద్ధతి ఇదే, గుర్తులే వేరు.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. ఆ రోజుల్లో కంపెనీ అమ్మింది ప్రధానంగా ఛాసిస్ (కారు అడుగు చట్రం), ఇంజన్, రేడియేటర్. బాడీని కొన్నవాళ్లు బార్కర్, హూపర్, త్రప్ అండ్ మేబర్లీ, పార్క్ వార్డ్ లాంటి కోచ్‌బిల్డర్ల దగ్గర కట్టించుకునేవారు. ఆ బాడీని తర్వాతి యజమాని ఊడదీసి ఇంకోటి వేయించి ఉండొచ్చు. ఇంజన్ మారి ఉండొచ్చు. పాత ఇంటికి గోడలు ఒక తరానివి, పైకప్పు ఇంకో తరానిది అయినట్టే ఇది. అందుకని "ఈ కారు ఏ సంవత్సరానిది" అని అడగడం మానేసి, ఛాసిస్ ఎప్పటిది, ఇంజన్ ఎప్పటిది, బాడీ ఎప్పటిది అని మూడు ప్రశ్నలు విడివిడిగా అడగండి. కింద చెప్పే వరుస మొత్తం ఈ మూడింటికి జవాబు రాబట్టడానికే.

1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు.

☐ మంచి టార్చి, పొడవాటి పిడి ఉన్న చిన్న అద్దం
☐ చిన్న అయస్కాంతం, దాన్ని చుట్టడానికి పల్చటి బట్ట (పెయింటు మీద గీతలు పడకుండా)
☐ అంగుళాల టేపు
☐ మెత్తటి పెన్సిలు, పల్చటి తెల్ల కాగితాలు
☐ సన్నటి స్క్రూడ్రైవరు
☐ కిరోసిన్, పాత బనియను గుడ్డలు
☐ జాకీతో పాటు గట్టి స్టాండ్లు
☐ మాస్కు, చేతి తొడుగులు
☐ పేజీ నంబర్లున్న నోటు పుస్తకం

మాస్కును తేలిగ్గా తీసుకోకండి. ఆనాటి బ్రేక్ లైనింగుల్లో, గ్యాస్కెట్లలో, సైలెన్సర్ పైపు చుట్టూ ఉండే తాపడంలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పాత పెయింట్లలో సీసం ఉంటుంది. బ్రేక్ డ్రమ్ములో దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదించకూడదు, పెయింటును పొడిగా రుద్దకూడదు. తడి గుడ్డతో తుడవడమే సరైన పద్ధతి.

కంటికి అలవాటు కావడం కూడా సిద్ధపడటంలో భాగమే. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లి 1912 నాటి పసుపు రంగు సిల్వర్ ఘోస్ట్‌ను నిదానంగా చూడండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన కారు అది, బాడీ బార్కర్‌వాళ్లది. వెనక ఎత్తుగా ఉన్న సీటు దగ్గరే అందరూ ఆగిపోతారు. మీరు మాత్రం ముందు చక్రాల లోపలికి చూడండి. బ్రేక్ డ్రమ్ములు కనిపించవు. ఎందుకో నాలుగో అంశంలో తెలుస్తుంది. అహ్మదాబాద్ దగ్గర కఠ్వాడాలోని ఆటో వరల్డ్ మ్యూజియం కూడా ఇలాంటి పరిశీలనకు మంచి చోటు.

2. తుడవకముందే ఫొటోలు

షెడ్డు తలుపు తీయగానే చేతులు గుడ్డ కోసం వెతుకుతాయి. ఆగండి. ఆ దుమ్ము కింద, సీట్ల అడుగున, డాష్‌బోర్డు వెనక మీకు కావాల్సిన సాక్ష్యం ఉంటుంది. పాత ట్యాక్స్ టోకెన్, సర్వీసు చేసిన గ్యారేజీ స్టిక్కరు, ఊడిపోయిన హ్యాండిల్ ముక్క, ఏదైనా పనికొస్తుంది.

ముందు నాలుగు వైపులా, నాలుగు మూలల నుంచి ఫొటోలు తీయండి. తర్వాత బానెట్ రెండు వైపులా ఎత్తి ఇంజన్‌ను, తలుపులు తెరిచి గడపలను, ఫ్లోరు పలకలను, చివరగా కారు కింద భాగాన్ని తీయండి. కారు కిందికి దూరాల్సి వస్తే స్టాండ్ల మీద నిలబెట్టాకే దూరండి. ఒక్క జాకీని నమ్ముకుని రెండు టన్నుల బరువు కింద పడుకోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

కారు చుట్టూ నేల మీద పడివున్న ప్రతి స్క్రూనూ, రేకునూ కవర్లో వేసి, ఎక్కడ దొరికిందో రాసి పెట్టండి. ఎలుకలు లాక్కుపోయిన తాపడం ముక్కైనా సరే, దానికి కారు అసలు లోపలి రంగు అంటుకుని ఉంటుంది.

3. ఛాసిస్ నంబరు చదవడం

ఇంజన్‌కూ డ్రైవరుకూ మధ్య ఉండే అడ్డుపలక మీద లోహపు ప్లేటు ఉంటుంది. దాని మీద ఛాసిస్ నంబరు చెక్కి ఉంటుంది. ఇంజన్ నంబరు క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది లోహపు పెట్టె) మీద విడిగా ఉంటుంది. ఈ రెండూ వేర్వేరు సిరీస్‌లు, ఒకటే అంకె కనిపించాలని వెతక్కండి.

ప్లేటు మాత్రమే చూసి సంతోషపడకూడదు. రెండు మేకులు పీకితే ఊడిపోయే వస్తువు అది. ఫ్రేము లోహం మీద నేరుగా కొట్టిన నంబరును కూడా వెతకాలి. గ్రీజు, మట్టి పేరుకుపోయి ఉంటే కిరోసిన్ గుడ్డతో మెత్తగా తుడవండి. వైరు బ్రష్షు వద్దు. నంబరు బయటపడ్డాక దాని మీద పల్చటి కాగితం పరిచి, పెన్సిలును పడుకోబెట్టి మెల్లగా రుద్దండి. ఫొటోలో వెలుతురు మోసం చేస్తుంది, ఈ అచ్చు చేయదు. అంకెల లోతు, వాటి మధ్య దూరం, ఒక అంకె కాస్త వంకరగా పడటం, అన్నీ కాగితం మీదికి వస్తాయి.

నంబరు చుట్టూ లోహాన్ని వేలితో తడిమి చూడండి. అక్కడ మాత్రమే పల్లంగా, నున్నగా ఉంటే పాత నంబరును గ్రైండ్ చేసి కొత్తది కొట్టారని అనుమానించాలి.

నంబరు రూపాన్ని బట్టి మోడల్ కుటుంబం తెలుస్తుంది:

- సిల్వర్ ఘోస్ట్ తొలి ఏళ్లలో అంకెలు మాత్రమే. కంపెనీ పేరు నిలబెట్టిన ఏఎక్స్ 201 నంబరు ప్లేటు కారు ఛాసిస్ 60551.
- ఫాంటమ్ 1, ఫాంటమ్ 2లకు అంకెల తర్వాత రెండు అక్షరాలు. 76టీసీ అనేది ఫాంటమ్ 1 నంబరు.
- 20/25, 25/30 మోడళ్లకు జీతో మొదలయ్యే మూడు అక్షరాలు, తర్వాత అంకెలు. జీఎక్స్ఓ 20/25లో మొదటి సిరీస్, జీయూఎల్ 25/30లో మొదటిది.
- ఫాంటమ్ 3కి 3 అంకెతో మొదలు, ఉదాహరణకు 3ఏజెడ్.
- రెయిత్‌కు డబ్ల్యూతో మొదలు.

కంపెనీ 13ను అపశకునంగా భావించి వదిలేసేది. అక్షరాల పక్కన ఒంటరిగా 13 కనిపిస్తే మరోసారి జాగ్రత్తగా చదవండి. 18నో 15నో తుప్పు తినేసి ఉండొచ్చు.

4. మోడల్‌ను ఇనుము చేత చెప్పించడం

నంబరు ఒక సంవత్సరం చెబితే, కారు నిర్మాణం కూడా అదే చెప్పాలి. చెప్పకపోతే ఎక్కడో ఏదో మారింది. అన్నింటికంటే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి.

వీల్‌బేస్ కొలవండి. ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమి వరకు, స్టీరింగ్ తిన్నగా పెట్టి, రెండు వైపులా కొలవాలి. ట్వంటీ అనే చిన్న మోడల్‌కు 129 అంగుళాలు. 20/25కి మొదట 129, ఆ తర్వాత 132. ఫాంటమ్ 1కి 143.5 లేదా 150.5. ఫాంటమ్ 2కి 144 లేదా 150. ఫాంటమ్ 3కి 142. కొలత వీటిలో దేనికీ సరిపోకుండా నాలుగైదు అంగుళాలు తక్కువ వచ్చిందంటే ఫ్రేమును కోసి అతికారేమో చూడాలి. పెద్ద లిమోజిన్ ఛాసిస్‌ను పొట్టిగా చేసి స్పోర్ట్స్ బాడీ వేస్తే ఎక్కువ ధర వస్తుందనే ఆశతో ఈ పని చేస్తారు. ఫ్రేము పొడవునా టార్చి వేస్తూ వెళ్లండి. సైడ్ రైలు మధ్యలో అడ్డంగా వెల్డింగ్ గీత కనిపిస్తే అక్కడే ఆగి, నిపుణుణ్ని పిలవండి.

ముందు బ్రేకులు. సిల్వర్ ఘోస్ట్‌కు ముందు చక్రాల బ్రేకులు 1924 ప్రాంతంలో వచ్చాయి, ట్వంటీకి 1925లో. చౌమహల్లా కారుకు డ్రమ్ములు లేకపోవడానికి కారణం ఇదే. 1914 కారని చెప్పి ముందు డ్రమ్ములు చూపిస్తే, అవి ఎప్పుడు ఎవరు బిగించారో బిల్లు అడగండి. భద్రత కోసం తర్వాత పెట్టించుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టి అది మోసమే అనుకోనక్కర్లేదు, రాసుకోవాల్సిన మార్పు మాత్రం అవును.

వెనక కమాన్లు. ఫాంటమ్ 1లో కమాను ముందు కొన, మధ్యభాగం ఫ్రేముకు బిగించి, వెనక కొన ఇరుసును మోస్తుంది. ఫాంటమ్ 2లో కమాను రెండు కొనలూ ఫ్రేముకు ఉండి, మధ్యలో ఇరుసు ఉంటుంది. కింద పడుకుని ఒక్క చూపు చూస్తే చాలు, ఈ రెండు మోడళ్లూ వేరైపోతాయి.

ఇంజన్ పై భాగం. సిల్వర్ ఘోస్ట్‌లో వాల్వులు పక్కన ఉంటాయి. ఆరు సిలిండర్లు మూడేసి చొప్పున రెండు దిమ్మలుగా ఉంటాయి. 1910 నుంచి ఇంజన్ 7,428 సీసీ. ఫాంటమ్ 1లో కూడా రెండు దిమ్మలే, కానీ వాల్వులు పైకి వచ్చాయి, ఇంజన్ 7,668 సీసీ. ట్వంటీలో ఆరు సిలిండర్లూ ఒకే పోతలో ఉంటాయి, 3,127 సీసీ. ఫాంటమ్ 3 తెలిసిపోతుంది, 12 సిలిండర్లు వీ ఆకారంలో ఉంటాయి.

గేరు రాడ్డు. తొలి ట్వంటీలకు మూడు గేర్లు, రాడ్డు మధ్యలో. 1925 నుంచి నాలుగు గేర్లు, రాడ్డు డ్రైవరు కుడి చేతి వైపు. 

రేడియేటర్ రెక్కలు. ట్వంటీకి 1928 దాకా అడ్డంగా, తర్వాత నిలువుగా ఉంటాయి. నిలువు రెక్కలు ఎక్కువ అందంగా ఉన్నాయని పాత కార్లకు మార్పించినవాళ్లు ఉన్నారు.

మన దేశంలో ఇంకో సమస్య ఉంది. స్పేర్ పార్టులు దొరక్క, పెట్రోలు ఖర్చు భరించలేక, పెద్ద పెద్ద కార్లకు లారీ ఇంజన్లు, డీజిల్ ఇంజన్లు పెట్టి తిప్పారు. అలాంటి కారు కనిపిస్తే "అసలు ఇంజన్ ఏమైంది" అని అడగడం మర్చిపోకండి. చాలాసార్లు అది అదే ఆవరణలో ఏ గోనెసంచుల కిందో ఉంటుంది. అది దొరికితే కారు విలువ ఒక్కసారిగా మారిపోతుంది.

5. బాడీని చదవడం

తప్పుడు కథలు ఎక్కువగా పుట్టేది బాడీ చుట్టూనే.

మొదట తలుపు గడప మీద కోచ్‌బిల్డర్ ప్లేటు ఉందేమో చూడండి. మద్రాసులో సింప్సన్ కంపెనీ, కలకత్తాలో స్టూవర్ట్ కంపెనీ కూడా బాడీలు కట్టాయి. కాబట్టి ఇంగ్లండ్ పేరు లేనంత మాత్రాన బాడీ నకిలీ కాదు. మన దగ్గర కట్టిన అసలు బాడీకి చరిత్రలో తన విలువ తనకుంది. దాన్ని పీకేసి "బార్కర్ స్టైల్" బాడీ వేయించడం పెద్ద నష్టం, డబ్బులోనూ, చరిత్రలోనూ.

ప్లేటు లేకపోతే బాడీ నంబరు కోసం వెతకండి. సీటు చట్రం కింద, ఫ్లోరు పలకల వెనక, తలుపు లోపలి అట్ట వెనక చెక్క మీద ముద్ర కొట్టో, సుద్దతో రాసో ఉంటుంది. ఒకే నంబరు మూడు నాలుగు చోట్ల కనిపిస్తే ఆ భాగాలన్నీ ఒకే బాడీవి.

తర్వాత చెక్క. ఇంగ్లండ్ బాడీల అస్థిపంజరం సాధారణంగా యాష్ కలపతో ఉంటుంది, లేత రంగు, పొడుగాటి ఈనెలు. మన దగ్గర మరమ్మతుకు టేకు వాడారు, రంగులోనే తేడా తెలుస్తుంది. తలుపు కింది అంచు, వెనక చక్రాల పైభాగం, విండ్‌షీల్డ్ కాళ్లు, ఈ మూడు చోట్లా నీళ్లు నిలిచి చెక్క ముందుగా పాడవుతుంది. బయటికి కనపడని చోట సన్నటి స్క్రూడ్రైవరుతో మెల్లగా నొక్కండి. గట్టిగా తగిలితే మంచిదే. మెత్తగా దిగిపోతే పుచ్చింది. లోపల మట్టి దారులు కనిపిస్తే చెదలు. అలాంటప్పుడు తలుపును బలంగా మూయకండి, పై రేకు నిలబడి ఉన్నది చెక్క పుణ్యాన కాదు, పెయింటు పుణ్యాన.

అయస్కాంతం తీసుకుని తలుపులు, మడ్‌గార్డులు, వెనక భాగం అంతా తిప్పండి. అల్యూమినియం అయితే అంటుకోదు, స్టీలైతే అంటుకుంటుంది. తలుపులన్నీ అల్యూమినియం అయి ఒక్కటి మాత్రం స్టీలైతే దాన్ని తర్వాత చేయించారు. స్టీలు రేకు మీద కూడా ఒకచోట పట్టు సడలిందంటే అక్కడ పుట్టీ మందంగా ఉంది. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఉన్న కార్లకు ఇంకోటి చూడాలి: అల్యూమినియం రేకును స్టీలు స్క్రూలు పట్టిన చోట తెల్లటి పొడి. ఉప్పు గాలికి రెండు లోహాల మధ్య పుట్టే తుప్పు అది. పెయింటు కింద బొబ్బలుగా మొదలై రేకును తినేస్తుంది.

ఇప్పుడు నాలుగడుగులు వెనక్కి వెళ్లి కారు ఆకారం చూడండి. ఒరిజినల్ బాడీలో బానెట్ మీది గీత విండ్‌షీల్డ్ దాటి తలుపుల మీదుగా వెనక దాకా తెగకుండా సాగుతుంది. తలుపుల సందులు పై నుంచి కింది దాకా ఒకే వెడల్పులో ఉంటాయి. వెనక సీటు ఇరుసుకు ముందుందా, మీద ఉందా చూడండి. పొడవాటి లిమోజిన్ ఛాసిస్ మీద రెండు సీట్ల బాడీ పెడితే వెనక అర్థంలేని పొడవు మిగులుతుంది. దాన్ని కప్పడానికి పడవ తోకలాంటి వెనక భాగం తయారుచేస్తారు. పడవ తోక బాడీలు నిజంగానూ ఉన్నాయి. కానీ మీ ముందున్న దానికి బాడీ నంబరు లేకపోయినా, చెక్క కొత్తగా, ప్లైవుడ్‌తో ఉన్నా, అంబాసిడర్ తలుపు హ్యాండిళ్లు, ప్లస్ గుర్తు స్క్రూలు కనిపించినా, అది ఆ కాలపు బాడీ కాదని రాసుకోండి. ప్లస్ గుర్తు స్క్రూలు అమెరికాలో కార్ల తయారీలోకి వచ్చిందే 1930ల మధ్యలో.

6. మెరుపు, పెయింటు, సీట్లు

క్రోమ్ పూత కార్లకు విస్తృతంగా వచ్చింది 1920ల చివర్లో. అంతకుముందు నికెల్. నికెల్ మెరుపులో కాస్త వెచ్చటి పసుపు ఛాయ ఉంటుంది, క్రోమ్‌లో చల్లటి నీలి ఛాయ. 1923 కారు లైట్లు నీలంగా మెరుస్తుంటే వాటికి తర్వాత పూత వేయించారు. దీపం రింగు వెనక, ఎవరూ పాలిష్ చేయని చోట, పాత నికెల్ ఇంకా మిగిలి ఉంటుంది. వెలుతురులో పక్కపక్కన పెట్టి చూస్తే కంటికి తెలుస్తుంది.

అసలు రంగు తెలుసుకోవడానికి సీటు కిందో తలుపు కీలు వెనకో రూపాయి బిళ్లంత చోటు ఎంచుకోండి. సన్నటి ఎమరీ పేపరును నీళ్లతో తడిపి గుండ్రంగా మెల్లగా రుద్దండి. ఒక్కో రంగు ఒక్కో వలయంగా బయటపడుతుంది. అన్నింటికన్నా లోపలి వలయం ప్రైమరు, దాని పైది మొదటి రంగు. ఫొటో తీసి, నీళ్లతో కడిగి వదిలేయండి.

సీట్లలో ఏముందో చూడండి. గుర్రపు వెంట్రుకలైతే పాతదే అయ్యుండొచ్చు. కొబ్బరి పీచైతే మన దేశంలో తిరిగి కుట్టించారు. ఫోమ్ అయితే ఇంకా తర్వాతి పని. లిమోజిన్‌లో ముందు సీటు తోలుతో, వెనక సీటు బట్టతో ఉండటం ఆ కాలపు పద్ధతే. పొదుపు కోసం చేసిందనుకుని వెనక సీటుకు కూడా తోలు వేయించేయకండి.

రేడియేటర్ మీది రెక్కల బొమ్మను సాక్ష్యంగా తీసుకోవద్దు. చార్లెస్ సైక్స్ చెక్కిన ఆ బొమ్మ 1911లో వచ్చింది. మోకాళ్ల మీద కూర్చున్న రూపం 1934లో వచ్చింది. నకళ్లు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. టైర్లు, బ్యాటరీ, వైర్లు కూడా వయసు తేల్చడానికి పనికిరావు.

7. ఇంజన్ తిరుగుతుందో లేదో చూడటం

స్టార్ట్ చేయడం ఈ పరిశీలనలో భాగం కాదు. ఏళ్ల తరబడి నిలిచిన ఇంజన్‌కు బ్యాటరీ పెట్టి స్టార్టరు నొక్కితే, ఎండిపోయిన సిలిండర్లో రింగులు గీరుకుపోతాయి, ఇరుక్కున్న వాల్వు వంగిపోతుంది. చేత్తో తిరుగుతుందా అన్నది మాత్రం చూడొచ్చు.

1) గేరు న్యూట్రల్‌లో ఉందో, చక్రాలకు అడ్డుదిమ్మలు ఉన్నాయో చూడండి. బ్యాటరీ ఉంటే వైరు తీసేయండి.

2) ప్లగ్గులు ఊడదీసి వరుసలో పెట్టండి. బిగుసుకుపోతే బలవంతం చేయకండి. చుట్టూ నూనె పోసి మర్నాడు ప్రయత్నించండి. పానాలు ఆనాటి బ్రిటిష్ కొలతలవే కావాలి. మిల్లీమీటరు పానా జారితే నట్టు మూలలు పోతాయి.

3) ప్రతి సిలిండర్లో రెండు చెంచాల పల్చటి ఇంజన్ ఆయిల్ పోసి రెండు మూడు రోజులు వదిలేయండి.

4) స్టీరింగ్ మధ్యలో ఉండే ఇగ్నిషన్ మీటను వెనక్కి, అంటే ఆలస్యం వైపు పెట్టండి. హ్యాండిల్‌ను పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి. పిడి చుట్టూ తిప్పి పట్టుకోకూడదు. ఇంజన్ వెనక్కి తన్నితే ఆ బొటనవేలు విరుగుతుంది. ప్లగ్గులు లేనప్పుడు తన్నదు కదా అనుకోవద్దు, చేతికి మొదటి రోజు నుంచే ఆ అలవాటు ఉండాలి.

5) కింది నుంచి పైకి పావు వంతు మాత్రమే లాగండి. తిరిగితే మెల్లగా రెండు చుట్లు తిప్పి ఆపండి. తిరగకపోతే హ్యాండిల్‌కు పైపు తగిలించి లాగకండి. ఆ పని మెకానిక్‌కు వదిలేయండి.

ఫాంటమ్ 3 అయితే ఇంకొంచెం జాగ్రత్త. దాని ఇంజన్ దిమ్మ అల్యూమినియం. మామూలు నీళ్లు పోసి నడిపిన కారైతే నీటి దారులు పూడుకుపోయి, లోహం తినేసి ఉండొచ్చు. బయటికి బాగా కనిపించిందని ధర మాట్లాడేయకండి. దాని రిపేరు ఖర్చు మిగతా మోడళ్లతో పోల్చదగ్గది కాదు.

ఇంకో విషయం. ఆయిల్ మార్చేముందు కింది ఆయిల్ తొట్టి విప్పించి మడ్డి కడిగించాలి. మడ్డి ఉండగానే ఇప్పటి ఆయిల్ పోస్తే అది మడ్డిని కదిలించి సన్నటి ఆయిల్ దారుల్లోకి పంపుతుంది.

8. కాగితాలు

ఇంగ్లండ్‌లో నార్తాంప్టన్‌షైర్ పాలర్స్‌పరీ గ్రామంలో హంట్ హౌస్ ఉంది. రోల్స్‌రాయిస్ ఎన్‌థూజియస్ట్స్ క్లబ్ కార్యాలయం అక్కడే. యుద్ధానికి ముందటి ఛాసిస్‌ల రికార్డు కార్డులు అక్కడ భద్రంగా ఉన్నాయి. ఛాసిస్ నంబరు ఇచ్చి, రుసుము కట్టి నకలు తెప్పించుకోవచ్చు. మొదట ఎవరు కొన్నారు, బాడీ ఎవరు కట్టారు, ఏ రకం బాడీ, ఎప్పుడు డెలివరీ అయింది, ఇంజన్ నంబరెంత అన్నవి ఆ కార్డుల్లో దొరుకుతాయి. మూడు నుంచి ఆరు అంశాల్లో మీరు రాసుకున్న నోట్సును దానితో వరుసగా పోల్చండి. కార్డు ముందే తెప్పించుకుని తర్వాత కారు చూస్తే, కార్డులో ఉన్నదే కంటికి కనిపిస్తుంది. అందుకే ముందు కారు, తర్వాత కార్డు.

ఇంట్లో వెతకాల్సినవి:

☐ పాత ఆర్‌సీ పుస్తకం, ట్యాక్స్ రసీదులు
☐ గ్యారేజీ బిల్లులు, ఇన్సూరెన్సు కాగితాలు
☐ పెళ్లి ఫొటోలు, ఊరేగింపు ఫొటోలు

ఫొటోలను తక్కువ అంచనా వేయకండి. 1950ల నాటి పెళ్లి ఫొటోలో కారు పక్కకు తిరిగి కనిపిస్తే అప్పటి బాడీ ఏదో తేలిపోతుంది. తలుపులెన్ని, స్పేర్ చక్రం ఎక్కడ, లైట్లు ఏ ఆకారం, అన్నీ తెలుస్తాయి.

"ఫలానా మహారాజు వాడిన కారు" అనే మాటకు కాగితం లేకపోతే ఆ మాటకు ధర కట్టకండి. యజమాని చనిపోయి ఉంటే వారసులందరి సంతకాలు లేకుండా అడ్వాన్సు ఇవ్వకండి. అన్నదమ్ముల్లో ఒకరు మాట్లాడి, డబ్బు తీసుకున్నాక ఇంకొకరు కోర్టుకు వెళ్తే కారు ఏళ్ల తరబడి కదలదు.

రిజిస్ట్రేషన్ సంగతి. కేంద్ర ప్రభుత్వం 2021లో వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పులు లేని సొంత వాహనాలకు ఇవి వర్తిస్తాయి. ఫారం 20తో దరఖాస్తు చేయాలి. ఇన్సూరెన్సు, పాత ఆర్‌సీ జతచేయాలి. దిగుమతి చేసుకున్నదైతే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ కాగితం) కూడా కావాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ. 20,000, తర్వాత మళ్లీ చేయించుకోవడానికి రూ. 5,000. గడువు 10 ఏళ్లు. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. ఇంతకుముందే రిజిస్టరైన కారైతే పాత నంబరును ఉంచుకోవచ్చు. రోజువారీ అవసరాలకు, కిరాయికి నడపకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు తీసుకెళ్లొచ్చు.

"పెద్ద మార్పులు లేని" అన్న మాట దగ్గర ఆగండి. లారీ ఇంజన్ ఉన్న కారుకు, కొత్తగా కట్టిన బాడీ ఉన్న కారుకు ఇక్కడే చిక్కు వస్తుంది. కొనకముందే మీ ఆర్‌టీఏ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

9. తరచూ జరిగే తప్పులు, వాటికి విరుగుడు

*కారును వాటర్ సర్వీసు చేయించడం.* ప్రెషరు నీళ్లు చెక్క సందుల్లోకి వెళ్లి ఆరవు. మెత్తటి బ్రష్షు, వాక్యూమ్ వాడండి. ఇప్పటికే కడిగేసి ఉంటే తలుపులు, ఫ్లోరు పలకలు తెరిచి నీడలో గాలికి ఆరబెట్టండి, ఎండలో కాదు.

*పరిశీలన పూర్తికాకముందే పెయింటరుకు ఇవ్వడం.* అన్నింటికంటే ఎక్కువ సాక్ష్యం పోయేది ఇక్కడ. ఇచ్చేసి ఉంటే వెంటనే ఆపించి, ఇంకా రుద్దని చోట ఆరో అంశంలో చెప్పిన వలయాలు తీసి ఉంచుకోండి.

*పాత భాగాలు పారేయడం.* పనికిరాదనుకున్న కార్బ్యురేటరు, పగిలిన దీపం, పుచ్చిన చెక్క కూడా కొత్తది చేయడానికి నమూనా. పని పూర్తయ్యేదాకా ఏదీ స్క్రాపుకు వెళ్లకూడదు.

*ఇత్తడి, జర్మన్ సిల్వర్ భాగాలను బఫ్ మెషీనుకు ఇవ్వడం.* రేడియేటర్ పదును అంచులు గుండ్రంగా అయిపోతాయి, మళ్లీ రావు. చేత్తో, మెత్తటి పాలిష్‌తో చేయించండి.

*ఒక్క గుర్తుతో తీర్పు చెప్పడం.* క్రోమ్ కనిపించిందని నకిలీ అనకూడదు, ప్లేటు ఉందని అసలు అనకూడదు. ఛాసిస్‌కు, ఇంజన్‌కు, బాడీకి విడివిడిగా కనీసం మూడేసి సాక్ష్యాలు కలవాలి.

10. చివరి పేజీ ఎలా రాయాలి

నోటు పుస్తకం చివరి పేజీని మూడు గడులు చేయండి: ఛాసిస్, ఇంజన్, బాడీ. ఒక్కో గడిలో ఇవి రాయండి.

☐ మీరు తేల్చిన సంవత్సరం లేదా కాలం
☐ దానికి ఆధారాలు, ఫొటో నంబర్లతో
☐ మారిన భాగాలు, ఎప్పుడు మారాయో తెలిస్తే అది
☐ ఇంకా తేలనివి

తేలనివాటిని ఖాళీగా వదిలేయండి, ఊహతో నింపకండి. మూడు గడుల్లోనూ ఒకే కాలం వచ్చి, హంట్ హౌస్ కార్డు దాన్ని బలపరిస్తే పెయింటు ఎంత పాతబడినా ఆ కారును మెరిపించే పని పెట్టుకోవద్దు. శుభ్రం చేసి, చెక్కను కాపాడి, నడిచేలా చేసి అలాగే ఉంచండి. ఛాసిస్, ఇంజన్ కలిసి, బాడీ మాత్రం తర్వాతిదైతే, ఆ బాడీ వయసెంతో చూడండి. 1930ల్లోనో 40ల్లోనో మన దేశంలో మార్చినదైతే దాన్నీ చరిత్రగా ఉంచడమే మేలని నా అభిప్రాయం. నిన్న మొన్న కట్టిందైతే, అసలు బాడీ నమూనా ఫొటోలు దొరికాకే మార్చే ఆలోచన చేయండి. మూడూ మూడు కాలాలవైతే కొనొద్దని కాదు, ఆ నిజానికి తగిన ధర మాత్రమే ఇవ్వండి.

ఈ పేజీకి రెండు నకళ్లు తీసి, ఒకటి కాగితాల ఫైల్లో, ఇంకోటి మీ మెకానిక్ దగ్గర ఉంచండి. పని మొదలయ్యాక ఏ భాగం విప్పినా, ఏది మార్చినా తేదీతో దాని కిందే రాయించండి.